చిల్లరు వచ్చింది, కాలవ రాలేదు



ఎండలు ముదిరే వేళకి మన మిల్లుల్లో ఏటా ఒక చిన్న వేడుక జరుగుతుంది. క్యాంటీను పక్కనో, లూమ్‌షెడ్డు వరండాలోనో కొత్త వాటర్ చిల్లరు దిగుతుంది. పసుపు కుంకుమ పెడతారు, కొబ్బరికాయ కొడతారు, మేనేజరుగారు మొదటి గ్లాసు నింపి ఎవరో ఒక కార్మికుడి చేతికిస్తారు, ఫొటో తీస్తారు. మనమూ చప్పట్లు కొడతాం. కొట్టాలి కూడా. చల్లటి మంచినీళ్ళు ఎవరో దయతలచి ఇచ్చినవి కావు, అడిగి సాధించుకున్నవి. కాని నెల తిరిగేసరికి అదే చిల్లరు చుట్టూ మడమలు తడిసే నీళ్ళు, పాచి, దోమలు. నీళ్ళలో రెండు ఇటుకలు పడేసి ఉంటాయి. ఆ ఇటుకల మీద కాలు మోపి, ఒక చేత్తో గోడ పట్టుకొని, రెండో చేత్తో గ్లాసు పట్టుకుంటాం.

ఆ చిల్లరుకి నీళ్ళు తెచ్చే పైపు గురించి, దాన్నుంచి నీళ్ళు తీసుకుపోయే కాలవ గురించి నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. కొనుగోలు ఆర్డరులో యంత్రం ఉంటుంది. పైపూ, కాలవా ఉండవు. అవి "సైటులో చూసుకుందాం" అనే మాట కింద కొట్టుకుపోతాయి. సైటులో చూసుకునేది ఎవరు? ముందు రోజుకూలీ ప్లంబరు, తరువాత చీపురు పట్టుకున్న కాంట్రాక్టు కార్మికురాలు, చివరికి జారిపడే మనం.

మన గాలి వేరు, మన నీరు వేరు

బరంపురానికి పదహారు కిలోమీటర్ల దూరంలో గోపాల్‌పూర్ సముద్రం. ఈ తీరంలో థర్మామీటరు టిట్లాగఢ్‌లో లాగా 45 డిగ్రీలు చూపించదు. అందుకే "మీ వైపు ఎండలేముంటాయి" అంటారు పైనుంచి వచ్చే ఆఫీసర్లు. ఇక్కడి బాధ ఎండ ఒక్కటే కాదు, ఉక్కపోత. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. దానికి తోడు దారం తెగకుండా ఉండాలని షెడ్డులో మళ్ళీ తేమ ఎక్కిస్తారు. స్పిన్నింగులో 55 నుంచి 65 శాతం, నేతలో 75 పైన. బయటి ఉక్కలోంచి లోపలి ఉక్కలోకి వెళ్ళి ఎనిమిది గంటలు నిలబడే మనిషికి నీళ్ళు తప్ప వేరే ఆధారం లేదు.

1998 వేసవిలో ఒడిశాలో వడగాడ్పులకి రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఆ తరువాత ప్రభుత్వం మేలుకొని, వేసవిలో నడిమధ్యాహ్నం ఆరుబయట పనులు ఆపమని ఉత్తర్వులు ఇవ్వడం ఆనవాయితీ అయింది. మంచిదే. కాని రేకుల కప్పు కింద మగ్గం దగ్గర నిలబడ్డవాడికి ఆ ఉత్తర్వు వర్తించదు. అతనికి నీడ ఉంది కదా అంటారు!

ఇక నీరు. సముద్రం దగ్గర బోర్లు ఎంత లాగితే ఉప్పు అంత లోపలికి వస్తుంది. తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించకూడదనీ, వేరే దారి లేకపోతే 2000 వరకు ఓర్చుకోవచ్చుననీ భారత ప్రమాణం ఐ.ఎస్. 10500 చెబుతుంది. ఉప్పునీరు, ఉప్పుగాలి రెండూ కలిస్తే జి.ఐ. పైపు లోపలా బయటా తుప్పు పడుతుంది. లోతట్టు ఊళ్ళో పదేళ్ళు నిలిచే పైపు ఇక్కడ అన్నాళ్ళు నిలవదు. హైదరాబాదులోనో కలకత్తాలోనో కూర్చుని గీసిన డ్రాయింగు ఇక్కడ యథాతథంగా పనికిరాదని చెప్పడానికే ఇదంతా.

జరిగిన ఒక సంగతి

నేను పైపు ఫిట్టరుగా పనిచేసిన ఒక మిల్లు సంగతి చెబుతాను. పేరు అనవసరం. ఇలాంటివి చాలా మిల్లుల్లో ఉన్నాయి.

అక్కడ చిల్లరుని లూమ్‌షెడ్డుకీ మూత్రశాలకీ మధ్య వరండాలో పెట్టారు. ఎందుకు? మూత్రశాల కాలవ అప్పటికే అక్కడ ఉంది కాబట్టి కొత్త కాలవ తవ్వనక్కర్లేదు. మంచినీళ్ళ ట్యాంకు నుంచి లైను వేయాలంటే నలభై అడుగుల పైపు కావాలి. హ్యుమిడిఫికేషన్ ప్లాంటుకి పోయే లైను పక్కనే ఉంది. దానికి ఒక టీ కొట్టి చిల్లరుకి కలిపారు. కొళాయి కింద తొట్టికి అరంగుళం ప్లాస్టిక్ గొట్టం తగిలించి, దాని కొస మూత్రశాల కాలవలో పడేశారు. "ఇది తప్పు సార్" అన్నాను. "ఇప్పటికి కానీ, తరువాత చూద్దాం" అన్నారు.

మొదటి నెలలో నీళ్ళు అదో రకం వాసన వేశాయి. హ్యుమిడిఫికేషన్ నీటిలో పాచి పట్టకుండా మందు కలుపుతారు. ఆ ట్యాంకు నీళ్ళు పైపులో వెనక్కి రాకుండా ఏ అడ్డూ లేదు. తెలిసినవాళ్ళు ఇంటినుంచి సీసాలు తెచ్చుకున్నారు, తెలియనివాళ్ళు తాగారు. రెండో నెలలో అరంగుళం గొట్టంలో దూది పీచు, టీ పొడి, అన్నం మెతుకులు చేరి మూసుకుపోయింది. నీళ్ళు వరండా మీదికి వచ్చాయి. నైట్ షిఫ్టులో ఒక రీలింగు కార్మికురాలు జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. రిజిస్టరులో కారణం "కార్మికురాలి అజాగ్రత్త" అని రాశారు. ఆ తరువాత కొళాయి ముట్టుకుంటే చేయి జిల్లుమనడం మొదలైంది. విప్పి చూస్తే ఎర్త్ వైరు ఎక్కడా కలపలేదు. కింద నీళ్ళు, పైన కరెంటు. ప్రాణం పోలేదంటే అదృష్టం.

అప్పుడు యాజమాన్యం ఏం చేసింది? ప్లగ్గు పీకేసింది. "ఇస్తే వాడుకోవడం మీకు చేతకాలేదు" అంది. రెండు వేసవులు ఆ యంత్రం గోనెసంచి కప్పుకొని కూర్చుంది. చివరికి సంఘం పట్టుబడితే కదిలారు. నలభై అడుగుల పైపు, ఇరవై అడుగుల మూత కాలవ, ఒక ఎర్త్ కనెక్షను. నేనూ, ఇద్దరు హెల్పర్లూ, ఒక తాపీ మేస్త్రీ కలిసి రెండు రోజుల్లో ముగించాం. రెండు రోజుల పని ఎగ్గొట్టి రెండు వేసవుల నీళ్ళు ఎగ్గొట్టారు!

పైపూ కాలవా ఎలా ఉండాలి

"ఇది ఇంజనీర్ల పని, మనకెందుకు" అనే సోదరులున్నారు. తెలియకపోతే అడగలేం. అందుకని చూడవలసినవి చూడవలసిన వరుసలో చెబుతున్నాను.

ఒకటి, నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయి? చిల్లరుకి మంచినీళ్ళ ట్యాంకు నుంచే విడిగా లైను రావాలి. ప్రాసెస్ లైనుకీ, హ్యుమిడిఫికేషన్ లైనుకీ, కూలింగ్ టవరు లైనుకీ ఎక్కడా టీ ఉండకూడదు. "నాన్ రిటర్న్ వాల్వు పెట్టాం" అంటే సరిపోదు. ఒక చిన్న ఇసుకరేణువు చిక్కుకుంటే అది మూసుకోదు. ట్యాంకులోకి నీళ్ళు పడేచోట పైపు మూతికీ, నీటి మట్టానికీ మధ్య ఖాళీ గాలి ఉంటే మురికి వెనక్కి ఎగబాకడం అసాధ్యం. ఆ ఖాళీ పైపు వ్యాసానికి రెండింతలైనా, ఎంత తక్కువన్నా ఒక అంగుళమైనా ఉండాలన్నది ఫిట్టర్ల పాత లెక్క.

రెండు, విప్పి కడగడానికి వీలుందా? లోపలికి వచ్చే లైనులో ఒక వాల్వు, ఒక జాలి, ఒక యూనియను ఉండాలి. ట్యాంకు అడుగున ఖాళీ చేసే వాల్వు ఉండాలి. ఇవి లేకపోతే చిల్లరుని ఎన్నడూ కడగరు. కడగాలంటే మొత్తం కోయాలి మరి.

మూడు, పైపుకి చెమట పట్టకుండా తొడుగు ఉందా? గాలి 32 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్నప్పుడు దాదాపు 28 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతి వస్తువు మీదా నీరు పడుతుంది. చిల్లరు పైపులో నీళ్ళు 10, 15 డిగ్రీలుంటాయి. షెడ్డు చల్లబరిచే పెద్ద ప్లాంటు పైపులో 7 డిగ్రీలే. తొడుగు ఒక్క మోచేతి వంపు దగ్గర తెగినా అక్కడినుంచి రాత్రంతా బొట్లు పడతాయి. కింద మగ్గం ఉంటే బట్ట మీద మరక, ఆ మరకకి నేతగాడి జీతంలో కోత. పైకప్పు నుంచి కారిన నీటికి కింద ఉన్నవాడు జరిమానా కట్టడం ఏ న్యాయం?

నాలుగు, కాలవ. కొళాయి కింద తొట్టి నుంచి పోయే పైపు రెండు అంగుళాలకి తగ్గకూడదు. మీటరుకి ఒక సెంటీమీటరు చొప్పున వాలు ఉండాలి. ప్రతి వంపు దగ్గరా పుల్ల పెట్టి తీయడానికి మూత ఉండాలి. ఆ పైపుని మురుగు కాలవలో నేరుగా ముంచకూడదు. ఒక గరాటులో పడేలా పైన ఖాళీ వదలాలి, కింద నీరు నిలిచే వంపు ఉండాలి. అప్పుడు మురుగు పొంగినా చిల్లరు దాకా రాదు, పురుగూ వాసనా పైకి ఎక్కవు. చిల్లరు చుట్టూ గచ్చు కాలవ వైపు వాలి ఉండాలి.

ఐదు, ఆర్.ఓ. యంత్రం ఉందా? ఉప్పునీళ్ళు కాబట్టి ఈ మధ్య చిల్లరుకి ముందు ఆర్.ఓ. పెడుతున్నారు. చిన్న యంత్రాలు ఒక లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు బయట పారబోస్తాయి. కాలవ లెక్కలో ఈ నీళ్ళని ఎవరూ వేయరు. వాటిని ఒక తొట్టిలో పట్టి మరుగుదొడ్లకి వాడవచ్చు. ఇది దారి లేని సమస్య కాదు, ఆలోచించని సమస్య.

ఆరు, ఎర్తింగు. నీరూ కరెంటూ ఒక్కచోట ఉన్నాయి కాబట్టి ఎర్త్ తీగతో పాటు 30 మిల్లీఆంపియర్లకు పడిపోయే లీకేజి బ్రేకరు ఉండి తీరాలి.

నూలుకి వంద టన్నులు, మనిషికి మూడు టన్నులు

డబ్బు లేదంటారు. లెక్క చూద్దాం. వేడిలో పనిచేసేవాళ్ళు ప్రతి 15, 20 నిమిషాలకు ఒక కప్పు, అంటే దాదాపు పావు లీటరు నీళ్ళు తాగాలని అమెరికాలో వృత్తి ఆరోగ్యాన్ని పరిశీలించే నియోష్ సంస్థ సలహా. ఎనిమిది గంటలకి మనిషికి ఆరు లీటర్లు వేసుకుందాం. షిఫ్టుకి 500 మంది ఉంటే మూడు వేల లీటర్లు. ఆ నీళ్ళని 35 డిగ్రీల నుంచి 15కి దించడానికి 60 వేల కిలో క్యాలరీల వేడి తీయాలి. ఎనిమిది గంటల్లో తీయాలంటే రెండున్నర టన్నుల చిల్లరు చాలు. దారిలో పోయే చల్లదనం కలుపుకున్నా మూడు, మూడున్నర.

అదే మిల్లులో షెడ్డు గాలి చల్లబరిచే చిల్లర్లు వంద టన్నులవీ, అంతకు పెద్దవీ ఉంటాయి. నీటితో చల్లబడే వంద టన్నుల చిల్లరు రోజంతా పూర్తిగా నడిస్తే కూలింగ్ టవరు మీదనుంచి ఆవిరై పోయేదే 15 వేల లీటర్లు. మూడు షిఫ్టుల్లో 1500 మంది తాగేది తొమ్మిది వేల లీటర్లు! నూలు తెగకూడదని అంత నీరు, అంత కరెంటు ఖర్చు పెట్టగలిగిన యాజమాన్యానికి మనిషి తెగకుండా ఉండడానికి నలభై అడుగుల పైపు బరువైపోతుందా?

పెద్ద చిల్లర్ల కాలవలూ మన ఆరోగ్యం సంగతే. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో సమావేశానికి వచ్చిన మాజీ సైనికుల్లో సుమారు ముప్పై మంది అంతుచిక్కని న్యుమోనియాతో చనిపోయారు. లీజియొనెల్లా అనే ఆ సూక్ష్మక్రిమి కూలింగ్ టవర్లలో, నిలవ నీటిలో పెరుగుతుంది, తుంపరలతో గాలిలో ఎగిరి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. టవరు తొట్టి అడుగు నీళ్ళు ఎప్పటికప్పుడు వదలాలి, కడగాలి. వదిలిన నీళ్ళు పోవడానికి కాలవ కావాలి. కాలవ లేని చోట నీళ్ళు వదలరు.

చట్టం ఏమంది, ఇప్పుడేమంటోంది

ఈ పోరాటం మనతో మొదలు కాలేదు. లంకాషైరు నేతగాళ్ళు షెడ్డుల్లో ఆవిరి పట్టించడం మీద తిరగబడితే 1889లో బ్రిటిష్ పార్లమెంటు కాటన్ క్లాత్ ఫ్యాక్టరీల చట్టం చేసి తేమకి హద్దు పెట్టింది. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం ఇంకా స్పష్టంగా రాసింది. గచ్చు తడిసే చోట నీరు పోయే ఏర్పాటు ఉండాలని 11వ సెక్షను చెప్పింది. గాలిలో తేమ పెంచడానికి వాడే నీళ్ళు కూడా తాగేనీటి వనరు నుంచి తేవాలనీ, లేకుంటే శుద్ధి చేయాలనీ 15వ సెక్షను చెప్పింది. మంచినీళ్ళ చోటు మరుగుదొడ్డికీ, మురుగు కాలవకీ ఆరు మీటర్ల దూరం ఉండాలనీ, 250 మందికి పైగా పనిచేసే చోట వేసవిలో నీళ్ళు చల్లబరిచి ఇవ్వాలనీ, "తాగే నీళ్ళు" అని ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలో రాయాలనీ 18వ సెక్షను చెప్పింది.

2025 నవంబరు 21న కొత్త లేబరు కోడ్‌లు అమలులోకి వచ్చాయి. ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వచ్చింది. అందులో 23వ సెక్షను తాగునీరు, తేమ, గాలి అన్నీ ప్రస్తావిస్తుంది. కాని ఆరు మీటర్లు, 250 మంది లాంటి కొలతలు కోడ్‌లో లేవు. వాటిని ప్రభుత్వం రాసే నియమాలకు వదిలేశారు. చట్టంలో ఉన్న అక్షరం మార్చాలంటే పార్లమెంటు కావాలి. నియమం మార్చడానికి ఒక గెజిట్ కాగితం చాలు. అందుకే ఇకమీదట మనం ఆ కొలతలని యాజమాన్యంతో చేసుకునే ఒప్పందంలోనే రాయించుకోవాలి. పార్లమెంటు వదిలేసిన అక్షరాన్ని మన సంతకం నిలబెట్టాలి.

దీనికి సమ్మె దాకా పోనక్కర్లేదు. బరంపురంలో పుట్టి, ఏ.ఐ.టి.యు.సి. అధ్యక్షుడిగా, 1952 నుంచి 1954 వరకు కేంద్ర కార్మిక మంత్రిగా, ఆ తరువాత రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి. గిరిగారు జీవితమంతా చెప్పింది ఇదే. కోర్టుల చుట్టూ తిరిగే ముందు ఇరుపక్షాలూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలని. వంద మంది దాటిన చోట వర్క్స్ కమిటీకీ, 500 మంది దాటిన ఫ్యాక్టరీలో సేఫ్టీ కమిటీకీ కొత్త కోడ్‌లలోనూ చోటుంది. ఆ కుర్చీలు ఖాళీగా ఉంచితే తప్పు మనది.

మన తప్పులు కూడా

నిజం చెప్పుకోవాలి. కాలవ మూసుకుపోవడంలో మన చేయి కూడా ఉంది. చిల్లరు తొట్టిలో క్యారేజీ గిన్నెలు కడిగేది మనమే. గుట్కా ఉమ్మేది మనమే. గొలుసుతో కట్టిన గ్లాసు తెంచేది మనమే. తరువాత కాలవలో చేయి పెట్టి ఆ మెతుకులు తీసేది కాంట్రాక్టు మీద వచ్చే అమ్మ. ఆమెకి తొడుగులు లేవు, చాలాచోట్ల మన సంఘం సభ్యత్వమూ లేదు. గిన్నెలు కడగడానికి వేరే కొళాయి అడుగుదాం. ఇచ్చాక అక్కడే కడుగుదాం. ఆమెని సంఘంలోకి పిలుద్దాం.

భాష సంగతి కూడా ఒక మాట. గంజాం మిల్లుల్లో ఒడియా సోదరులూ మనమూ కలిసే పనిచేస్తాం. ఇక్కడి బోర్డు రెండు భాషల్లో ఉండాలి. ఇదే జిల్లానుంచి లక్షలాది మంది రైలెక్కి సూరత్ పవర్‌లూములకి వెళ్ళారు. ఒకప్పుడు గోపాల్‌పూర్‌లో స్టీమరు ఎక్కి రంగూన్ వెళ్ళిన తాతల దారి అది. అక్కడ మనవాడు గుజరాతీ బోర్డు చదవలేక ఏ కొళాయి నీళ్ళు తాగుతున్నాడో! ఇక్కడ మనం ఒప్పందంలో రాయించుకున్నది అక్కడివాళ్ళకి ఒక నమూనా అవుతుంది.

మన డిమాండ్లు

1. చిల్లరు కొనుగోలు ఆర్డరులోనే పైపులు, తొడుగు, కాలవ, ఎర్తింగు ఖర్చు చేర్చాలి.

2. స్థలం నిర్ణయించేటప్పుడు కార్మిక ప్రతినిధి ఉండాలి. మరుగుదొడ్డికీ, మురుగు కాలవకీ ఆరు మీటర్ల దూరం తప్పనిసరి.

3. ప్రతి వేసవి ముందు, వానలు పడ్డాక మరోసారి నీటి పరీక్ష జరిపి ఫలితాన్ని నోటీసు బోర్డు మీద తెలుగులో, ఒడియాలో పెట్టాలి.

4. చిల్లరు ట్యాంకు కడిగిన తేదీ యంత్రం మీదే రాయాలి. కడిగేవారికి తొడుగులు, బూట్లు ఇవ్వాలి.

5. తడి గచ్చు మీద జారిపడితే "అజాగ్రత్త" అని రాసే ముందు కాలవని తనిఖీ చేయాలి.

6. పైపు కారి పడిన మరకలకు నేతగాళ్ళ జీతంలో కోత ఆపాలి.

చివరగా, డబ్బు ఖర్చు లేని ఒక పరీక్ష చెబుతాను. ఈసారి కొత్త చిల్లరు దిగినప్పుడు కొబ్బరికాయ కొట్టే ముందు ఒక బకెట్టు నీళ్ళు తెచ్చి దాని ముందు గచ్చు మీద పోయండి. మరో బకెట్టు కొళాయి కింద తొట్టిలో పోయండి. ఐదు నిమిషాలు ఆగండి. నీళ్ళన్నీ పోతే చప్పట్లు కొడదాం. నీళ్ళు అక్కడే ఉంటే కొబ్బరికాయ పక్కన పెట్టి, "సార్, ముందు కాలవ" అందాం. ఆ ఒక్క మాట అందరం కలిసి అంటే చాలు.